పాడైన ట్యూబ్‌లైట్లను తీసుకెళ్లే సేవ: ఒక వరంగల్ వ్యాపారి సమీక్ష

వరంగల్ చౌరస్తాకు దగ్గర్లో ఉన్న మా మూడంతస్తుల బట్టల దుకాణంలో 2024 వేసవిలో దీపాలన్నీ మార్చి ఎల్.ఇ.డి. ట్యూబులు బిగించుకున్నాము. కరెంటు బిల్లు తగ్గింది, చీర రంగు చూసుకోవడానికి గుమ్మం దాకా పట్టుకెళ్లే కొనుగోలుదారుల సంఖ్య కూడా కొంత తగ్గింది. మెట్ల కింద గదిలో మాత్రం నాలుగడుగుల ట్యూబ్‌లైట్లు 436, రెండడుగులవి 90, సి.ఎఫ్.ఎల్. బల్బులు 130 మిగిలిపోయాయి. వాటిని తీసుకెళ్లి, అందులోని పాదరసం బయటికి పోకుండా విడగొడతామని చెప్పే ఒక సంస్థ సేవను ఆ సెప్టెంబరులో వాడుకున్నాము. కర్మాగారం హైదరాబాద్ శివారులో ఉంది. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు దుకాణాలు, ఆసుపత్రులు, కళాశాలలు పిలిస్తే బండి పంపుతారు. సంస్థ పేరు రాయడం లేదు. మెచ్చుకున్న చోట ప్రకటనలాగా, తప్పు పట్టిన చోట కక్షలాగా కనిపించడం నాకు ఇష్టం లేదు. పైగా ఇందులోని మంచిచెడ్డలు చాలావరకు ఈ పని చేసే ఏ సంస్థ విషయంలోనైనా అడిగి తెలుసుకోవలసినవే.

అసలు ఇవి మెట్ల కింద ఎందుకు మిగిలాయో ముందు చెప్పాలి. పాత పట్టీలు, అంటే ట్యూబులు బిగించే రేకు చట్రాలు, ఇనుప సామాను కొనేవారు తూకానికి తీసుకున్నారు. చోకులో రాగి తీగ ఉంటుంది కనుక దానికి ఇంకా మంచి ధర పలికింది. ట్యూబులను మాత్రం ఎవరూ ముట్టలేదు. ఇరవై ఏళ్లుగా మా దుకాణంలో పనిచేస్తున్న ఎలక్ట్రీషియన్ ఒక్క మాటలో తేల్చేశాడు: "సేఠ్, చోకుకు పైసలొస్తయ్, పట్టీకి పైసలొస్తయ్, గీ గాజు గొట్టానికి ఎవ్వడూ రూపాయి ఇయ్యడు." నిజమే. ట్యూబు బరువులో దాదాపు అంతా చవక గాజు, రెండు చివరలా చిన్న అల్యూమినియం టోపీలు, లోపల పలచని తెల్లపొడి. అమ్ముకోవడానికి ఏమీ లేని వస్తువుకు బేరగాడు ఉండడు. బేరగాడు లేని వస్తువు చివరికి చెత్త ఆటోలోకో, వెనక సందులోకో చేరుతుంది. 2019లో కింది అంతస్తు మరమ్మతు చేయించినప్పుడు మేము చేసిన పని కూడా అదే. అరవై దాకా ట్యూబులను గోనెసంచుల్లో వేసి, కర్రతో కొట్టి, సగం చోటు మిగిల్చి పంపించేశాము. ఆ కర్ర పట్టుకున్న కుర్రవాడి ముఖానికి దస్తీ కూడా కట్టించలేదు. ఆ తప్పు పూర్తిగా నాది, అందుకే ఈసారి కొంత ఆలస్యమైనా సరైన దారి వెతకాలనుకున్నాను.

ట్యూబులో ఉండే పాదరసం గురించి మనలో ఒక అపోహ బలంగా ఉంది. పాతబడిన ట్యూబు చివర్లు నల్లబడతాయి కదా, ఆ నలుపే పాదరసమని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. ఆ నలుపు చివరల్లో ఉండే తీగచుట్టకు పూసిన పదార్థం వాడకంలో అరిగి గాజుకు అంటుకోవడం వల్ల వస్తుంది. పాదరసం పని వేరు: కరెంటు పారినప్పుడు దాని ఆవిరి కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను వెలువరిస్తుంది, ఆ కిరణాలు గాజు లోపలి తెల్లపూతను తాకినప్పుడు మనకు కనిపించే వెలుగు వస్తుంది. ట్యూబు వాడుతున్న కొద్దీ పాదరసంలో చాలా భాగం ఆ తెల్లపొడిలోకీ, గాజులోకీ ఇంకిపోతుంది. కాబట్టి ట్యూబు పగిలినప్పుడు ఆ క్షణాన వెలువడే ఆవిరి ఒక ఎత్తు, నేల మీద రాలిన పొడి నుంచి ఆ తరువాత మెల్లమెల్లగా లేచే ఆవిరి మరొక ఎత్తు. రెండో దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. అది ఊపిరితిత్తుల ద్వారా రక్తంలోకి చేరి నరాల మీద, మూత్రపిండాల మీద ప్రభావం చూపుతుంది. గర్భిణులు, చిన్నపిల్లలు మరీ జాగ్రత్తగా ఉండాలి.

పరిమాణం చూస్తే ఇది చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది. పాదరసం వాడకంపై కుదిరిన మినమాటా అంతర్జాతీయ ఒప్పందం 30 వాట్ల లోపు సి.ఎఫ్.ఎల్.కు 5 మిల్లీగ్రాములు, పాత రకం పూత ఉన్న 40 వాట్ల లోపు ట్యూబుకు 10 మిల్లీగ్రాములు పరిమితిగా పెట్టింది. అంతకు ముందు కాలపు లావు ట్యూబుల్లో ఇంకా ఎక్కువే ఉండేది. తరువాత మరో ముగ్గురు మాతో చేరారు, అలా మేము నలుగురం కలిసి పంపిన దీపాలన్నింటిలోని పాదరసాన్ని ఒక చోట పోసినా టీ చెంచా నిండదు. ఆ చెంచాడు పాదరసం పన్నెండు వందల దీపాల్లో చెదిరి ఉండటమే అసలు చిక్కు. దాన్ని పోగు చేయడానికి అయ్యే ఖర్చు దాని విలువకు ఎన్నో రెట్లు. ఈ సేవకు మనం ఎదురు డబ్బు కట్టవలసి రావడానికి కారణం ఇదే. పాత కంప్యూటరు ఇస్తే డబ్బు చేతికి వస్తుంది, పాత ట్యూబు ఇస్తే డబ్బు చేతి నుంచి పోతుంది. ఈ సంగతి మొదట తెలుసుకోకపోతే రేటు విన్న వెంటనే ఫోను పెట్టేయాలనిపిస్తుంది.

మా ఆడిటరును అడిగితే ఇది మీకు చట్టపరంగా తప్పనిసరి కాకపోవచ్చన్నారు. 2016 నాటి ఈ-వ్యర్థాల (వాడి పారేసే కరెంటు, ఎలక్ట్రానిక్ సామాను) నిబంధనలు ఫ్లోరోసెంట్ దీపాలను, పాదరసం ఉన్న ఇతర దీపాలను తమ జాబితాలో చేర్చాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన 2022 నాటి కొత్త నిబంధనల్లోనూ అవి ఉన్నాయి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఏ సమయంలోనైనా జాబితాలోని పరికరాలు వెయ్యి, అంతకు మించి వాడిన సంస్థను పెద్ద వినియోగదారు అంటారు, వారు తమ ఈ-వ్యర్థాలను నమోదైన సంస్థలకే అప్పగించాలి. మా దీపాలు 656. కంప్యూటర్లు, ఏసీలు, బిల్లు యంత్రాలు, సీసీ కెమెరాలు కలిపి చూసుకున్నా వెయ్యి దాటలేదు. కానీ నాలుగంతస్తుల హాస్టలు ఉన్న కళాశాల, పడకలు ఎక్కువగా ఉన్న ఆసుపత్రి, వందల మరమగ్గాల షెడ్డు ఈ లెక్కను తేలికగా దాటుతాయి, దాటినట్టు వారికి తెలియకపోవడమే ఎక్కువ. ఇలాంటి విషయాల్లో మన వ్యాపారులు నిజంగానే ట్యూబ్‌లైట్లు: స్విచ్చి వేసిన చాలాసేపటికి గాని వెలగము.

సంస్థను ఎంచుకునేటప్పుడు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో అది నమోదైందో లేదో చూసుకోవడం మొదటి పని. అంతటితో ఆగకూడదు. ఈ-వ్యర్థాలు తీసుకునే సంస్థలన్నీ దీపాలను విడగొట్టవు. కంప్యూటర్లు, ఫోన్లు మాత్రమే విప్పే సంస్థలు దీపాలను తీసుకుని మరొకరికి అప్పగించే వీలుంది. "పాదరసం ఉన్న దీపాలను విడగొట్టే యంత్రం మీ దగ్గరే ఉందా, ఆ పనికి మీ అనుమతి పత్రంలో చోటు ఉందా?" అని సూటిగా అడగాలి. నేను మాట్లాడిన మూడు సంస్థల్లో ఒకరు మాట మార్చారు. ఇంకొకరు డ్రమ్ము మీద బిగించే నలగగొట్టే యంత్రాన్ని మా దుకాణానికే తెచ్చి, ట్యూబులన్నీ అక్కడికక్కడే డ్రమ్ములో పొడి చేసి తీసుకెళతామన్నారు. వినడానికి అది బాగుంది, రవాణాలో పగిలే బాధ ఉండదు, ఒక్క డ్రమ్ములో వెయ్యికి పైగా ట్యూబులు పడతాయి. అయితే ఆ యంత్రం మూత ఏ మాత్రం వదులైనా, లోపలి వడపోతలు సమయానికి మార్చకపోయినా ఆవిరి అక్కడి గాలిలోకే వస్తుంది. పెళ్లి బట్టలకు వచ్చిన జనం నడుమ అలాంటి పని వద్దనిపించింది. మిగిలిన మూడో సంస్థే ఈ సమీక్షకు విషయం.

ఫోనులో వారు అడిగిన ప్రశ్నలే నాకు మొదట నమ్మకం కలిగించాయి. లావు ట్యూబులెన్ని, సన్న ట్యూబులెన్ని, పగిలినవి ఎన్ని, పాత పెట్టెలు ఉన్నాయా, బండి దుకాణం ముందు దాకా రాగలదా అని వివరంగా అడిగి రాసుకున్నారు. ట్యూబుకు 18 రూపాయలు, సి.ఎఫ్.ఎల్.కు 10 రూపాయలు చెప్పారు. అసలు అడ్డంకి ఆ తరువాత వచ్చింది: వెయ్యి దీపాలకు తక్కువైతే వరంగల్ దాకా బండి పంపడం వీలుకాదు, అంతకు మించినా రవాణాకు 6,500 రూపాయలు వేరుగా ఇవ్వాలి. హైదరాబాద్‌లో ఉన్న దుకాణానికి ఈ షరతు పట్టింపే కాదు. జనగామ దాటి 150 కిలోమీటర్లు రావలసిన చోట అదే పెద్ద గోడ. ఉత్తర తెలంగాణలో ఒక్కో దుకాణంలో వంద, రెండు వందల చొప్పున పేరుకున్న ట్యూబులు బయటికి రాకపోవడానికి ఇష్టం లేకపోవడం కంటే ఈ షరతే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. వరంగల్‌లో నెలకో రెండు నెలలకో ఒక నిర్ణీత రోజున బండి నిలబెట్టి, ఎవరి ట్యూబులు వారు తెచ్చి ఇచ్చే ఏర్పాటు చేస్తే ఈ సంస్థకే గిరాకీ పెరుగుతుందని చెప్పాను, ఆలోచిస్తామన్నారు.

వెయ్యి లెక్క నింపడానికి తోడు వెతుక్కోవలసి వచ్చింది. కరీమాబాద్‌లో మాకు తెలిసిన టెంటు హౌసు ఆయన దగ్గర ట్యూబులు గుట్టగా ఉన్నాయి. వినాయక చవితికీ, బతుకమ్మకూ, పెళ్లి ఊరేగింపులకూ వీధుల వెంట గుంజలకు కట్టే ట్యూబులు అవి. ఎక్కించి దించడంలోనే సగం పోతాయి. "అన్నా, నావి మూడొందలు దాటుతయ్, పగిలినయి గూడ తీస్కపోతరా?" అని ఆయన అడిగిన మొదటి ప్రశ్నే ఈ వ్యవహారం మొత్తంలో చాలా ముఖ్యమైన ప్రశ్న. ఆయనవి 310, మట్టెవాడలోని ఒక ముద్రణాలయానివి 85, హనుమకొండలోని ఒక నర్సింగ్ హోముకు చెందిన ట్యూబులు 140, సి.ఎఫ్.ఎల్.లు 60. మావి కలుపుకొని మొత్తం 1,251 అయ్యాయి. అందులో 23 ట్యూబులు అప్పటికే పగిలినవి, అన్నీ టెంటు హౌసువే.

వారంలో వస్తామన్న బండి పంతొమ్మిది రోజులకు వచ్చింది. సెప్టెంబరు మొదటి రోజుల్లో ఈ ప్రాంతమంతా వానలకు అతలాకుతలమైంది, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది, కాబట్టి మొదటి వారం ఆలస్యాన్ని తప్పు పట్టను. వానలు తగ్గాక కూడా రేపు, ఎల్లుండి అంటూ జరిపిన రోజులకు మాత్రం సాకు లేదు. నలుగురి సరుకూ మా దుకాణం వెనక గదిలో చేర్చుకుని కూర్చున్నాము. వచ్చే పండుగ సరుకుకు ఆ చోటు అవసరం. ఆలస్యమవుతుందని తెలిసిన రోజునే ఒక ఫోను చేసి చెబితే సగం చిరాకు ఉండేది కాదు.

పెట్టెల సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ సేవ బాగోగులు చాలావరకు అక్కడే తేలిపోతాయి. బండి రావడానికి మూడు రోజుల ముందు కొరియరులో మడత పెట్టిన అట్టపెట్టెలు పంపారు. నాలుగడుగుల పొడవు, పెట్టెకు 25 ట్యూబులు నిలువుగా సరిపోయే కొలత, అడుగున మెత్తటి పలక. పెట్టె బాగుంది. పగలని నాలుగడుగుల ట్యూబులు 948 ఉన్నాయి, అంటే 38 పెట్టెలు కావాలి. నేను లెక్క చెప్పినా 30 మాత్రమే పంపారు. మిగిలిన రెండు వందల ట్యూబులను బండితో వచ్చిన ఇద్దరు కుర్రవాళ్లు ముప్పయ్యేసి చొప్పున కట్టలు కట్టి, పలచని ప్లాస్టిక్ పొర చుట్టి, పెట్టెల మీద పడుకోబెట్టారు. రెండడుగుల ట్యూబులకు ప్రత్యేకమైన పెట్టెలే లేవు, చీరల డబ్బాలు మేమే ఇచ్చాము. దారిలో 14 ట్యూబులు పగిలాయి. వాటిలో 12 ఆ ప్లాస్టిక్ కట్టల్లోవే అని తరువాత వారే లెక్క చెప్పారు. ఎనిమిది పెట్టెల ఖర్చు మిగుల్చుకోవడానికి చేసిన పని ఇది.

ఇందులో మా తెలివితక్కువతనం కూడా ఉంది. కొత్త ఎల్.ఇ.డి. ట్యూబులు సరిగ్గా అదే పొడవు అట్టపెట్టెల్లో వచ్చాయి. వాటిని దాచుకుని ఉంటే ఒక్క పెట్టె కూడా అడగవలసిన పని లేదు. కాని బిగింపు జరిగిన వారంలోనే మా వాళ్లు ఆ అట్టను కిలోల లెక్కన అమ్మేశారు. ఎల్.ఇ.డి.కి మారుతున్న వారెవరైనా కొత్త ట్యూబు తీసిన పెట్టెలోనే పాత ట్యూబు పెట్టి మూత వేస్తే చాలు, పెట్టెలూ కలిసొస్తాయి, లెక్కా సరిగ్గా ఉంటుంది.

పగిలిన దీపాల విషయంలో ఈ సంస్థ నాకు నచ్చలేదు. వారు పంపిన సూచనల కాగితం అంతా ఇంగ్లీషులో ఉంది. బండితో వచ్చిన వారికి హిందీ తప్ప మరొకటి రాదు. ట్యూబులు మోసేది, పగిలితే ఎత్తేది మా దుకాణంలో పనిచేసే ఆడవాళ్లూ, కుర్రవాళ్లూ. వారికి అర్థం కాని కాగితం ఎవరికోసం? పగిలిన ముక్కలను రెండు పాలిథిన్ సంచుల్లో కట్టి పెట్టమని అందులో ఉంది. పాలిథిన్ సంచి గాజు పెంకులను ఆపుతుంది గాని పాదరసపు ఆవిరిని పూర్తిగా ఆపలేదు. బిగుతైన మూత ఉన్న గాజు సీసా గాని లోహపు డబ్బా గాని కావాలి. టెంటు హౌసు ముక్కలను మేము గట్టి మూతలున్న పాత పెయింటు డబ్బాల్లోకి మార్చి, సందు చుట్టూ టేపు వేసి ఇచ్చాము. పగిలిన దీపాలు తీసుకునే సంస్థ డబ్బా తానే ఇవ్వడం న్యాయం. ఆ ఖర్చును ట్యూబు రేటులో కలుపుకున్నా ఎవరూ కాదనరు.

ఆ కాగితంలో ఉండవలసినది మా వాళ్ల కోసం నేనే తెలుగులో రాసి గోడకు అంటించాను. ట్యూబు పగిలితే గదిలోని వారు ముందు బయటికి రావాలి. ఏసీ, ఫ్యాను ఆపి కిటికీలు తెరిచి, పది పదిహేను నిమిషాలు గాలి ఆడనివ్వాలి. చీపురు పట్టకూడదు, పొడి లేస్తుంది. వ్యాక్యూం క్లీనరు అంతకంటే చెడ్డది, పొడిని పీల్చి వెనక నుంచి గదంతా చిమ్ముతుంది. గట్టి అట్టముక్కలతో పెంకులను దగ్గరికి తోసి ఎత్తాలి, సన్నటి పొడిని టేపు జిగురు వైపుతో అద్ది తీయాలి, చివరకు తడి కాగితంతో తుడిచి ఆ కాగితాన్ని కూడా డబ్బాలోనే వేయాలి. ఇందులో మా వాళ్లకు కష్టంగా తోచినది ఒక్కటే, చీపురు పట్టకుండా ఉండటం.

సరుకు కొనడానికి ఎలాగూ హైదరాబాద్ వెళుతుంటాను కనుక, మా దీపాలు చేరిన పది రోజులకు కర్మాగారం చూడవచ్చా అని అడిగాను. అడ్డు చెప్పకుండా రమ్మన్నారు. ఈ ఒక్క విషయానికే వారికి సగం మార్కులు వేయవచ్చు. ట్యూబులను విడగొట్టే యంత్రం నలువైపులా మూసిన గదిలాంటిది. లోపలి గాలిని ఎడతెగకుండా బయటికి లాగుతూ ఉంటారు, అందువల్ల ఎక్కడైనా సన్నని సందు ఉన్నా బయటి గాలి లోపలికి పోతుంది గాని లోపలి ఆవిరి బయటికి రాదు. లాగిన గాలి దుమ్ము పట్టే వడపోతల గుండా, ఆ తరువాత గంధకం పట్టించిన బొగ్గు నింపిన పెద్ద డబ్బాల గుండా వెళుతుంది. ఆవిరిగా ఉన్న పాదరసం అక్కడ గంధకంతో కలిసి బొగ్గుకు అంటుకుపోతుంది. ట్యూబు ఒక వైపు నుంచి లోపలికి జారుతుంది, నలుగుతుంది, మరో వైపు గాజు ముక్కలు ఒక తొట్టిలో, అల్యూమినియం టోపీలు ఒక తొట్టిలో, తెల్లపొడి సీలు వేసిన పీపాలో పడతాయి. గాజు ఆవరణలో గుట్టగా పోసి ఉంది. ఎండలో మెరుస్తున్న ఆ గుట్టను చూస్తే మా మెట్ల కింది సరుకు ఎంత చిన్నదో అర్థమైంది.

యంత్రానికి ట్యూబులు అందించే వ్యక్తి ముఖానికి ఆవిరిని ఆపే వడపోతలున్న ముసుగు ఉంది. కాని పెట్టెలు విప్పి, పగిలినవాటిని ఏరే ఇద్దరికి మామూలు గుడ్డ ముసుగులే ఉన్నాయి. యంత్రంలోకి పోయాక ఆవిరి బందీ అవుతుంది; పెట్టె విప్పే చోటే అది స్వేచ్ఛగా ఉంటుంది. ఎక్కువ అవసరమైన చోటే తక్కువ ముసుగు ఎందుకని అడిగితే, వాళ్లు పెట్టుకోరండీ అన్నారు. ఆ సమాధానం నాకు తృప్తి కలిగించలేదు.

వారి కరపత్రంలో "నూరు శాతం పునర్వినియోగం" అని పెద్ద అక్షరాల్లో ఉంది. తూకంలో చూస్తే అది నిజానికి దగ్గరే: గాజు మళ్లీ గాజు పనులకు పోతుంది, అల్యూమినియం కరిగించడానికి పోతుంది. పాదరసం ఉన్న పొడి సంగతి వేరు. దాన్ని వేడి చేసి, పాదరసాన్ని ఆవిరిగా లేపి, చల్లార్చి మళ్లీ ద్రవంగా పట్టుకునే బట్టీలు ప్రపంచంలో ఉన్నాయి, ఈ కర్మాగారంలో లేదు. పొడి పీపాలను ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపుతామని పర్యవేక్షకుడు దాపరికం లేకుండా చెప్పారు. హైదరాబాద్ చుట్టుపక్కల అలాంటి కేంద్రం దుండిగల్‌లో ఉన్న సంగతి పరిశ్రమల వారికి తెలిసినదే. అలాంటి చోట పాదరసపు వ్యర్థాన్ని కదలని రూపంలోకి మార్చి, నీరు ఇంకని పొరలు పరిచిన గుంతల్లో పూడుస్తారు. గంధకంతో కలిపి కదలని రూపానికి తేవడం ఒక పద్ధతి. పాదరసం, గంధకం కలిస్తే అయ్యేది మన పెద్దలకు పరిచయమైన ఇంగిలీకమే, భూమిలో పాదరసం సహజంగా దొరికే ఖనిజం అదే, నీటిలో దాదాపు కరగదు. అంటే పాదరసం ఏ రూపంలో నేల నుంచి వచ్చిందో ఆ రూపంలోనే నేలకు తిరిగి వెళుతుంది. ఇది మంచి పనే, సురక్షితమైన పనే. దాన్ని పునర్వినియోగం అనడం మాత్రం సరికాదు. "గాజు, లోహం తిరిగి వాడుకలోకి, పాదరసం భద్రంగా భూమిలోకి" అని రాసుకుంటే వారి గౌరవం తగ్గదు, కొంచెం పెరుగుతుంది కూడా.

దీపాలు తీసుకుని విడగొట్టినట్టు సంస్థ ఇచ్చే ధ్రువపత్రం దగ్గర ఇంకో తలనొప్పి ఎదురైంది. బండి ఒక్క చోట ఎక్కించుకుంది కాబట్టి మొత్తం 1,251 దీపాలకు మా దుకాణం పేరు మీదే ఒక పత్రం ఇచ్చారు. నర్సింగ్ హోము వారికి తనిఖీల్లో చూపించడానికి తమ పేరు మీద పత్రం కావాలి, వారు మాతో చేరిందే అందుకు. ముందుగా నాలుగు సంస్థల పేర్లు, నాలుగు లెక్కలు, నాలుగు జి.ఎస్.టి. సంఖ్యలు పంపినా ఇలా జరిగింది. మూడు వారాలు ఫోన్లు చేస్తే గాని నాలుగు పత్రాలు రాలేదు. వచ్చిన పత్రాలు మాత్రం మెచ్చుకోదగ్గవి: తీసుకున్న తేదీ, బండి సంఖ్య, విడగొట్టిన తేదీ, పగలకుండా చేరిన దీపాలు 1,214, ముందే పగిలినవి 23, దారిలో పగిలినవి 14 అని దాచకుండా రాశారు. తమ తప్పును తమ కాగితం మీద తామే రాసుకునే సంస్థలు తక్కువ. అయితే దారిలో పగిలిన వాటికీ ట్యూబుకు 18 రూపాయలు వసూలు చేశారు, అడిగినా తగ్గించలేదు. మొత్తం 252 రూపాయల మాట, డబ్బు కోసం అడగలేదు.

రవాణా ఖర్చును దీపాల సంఖ్యను బట్టి నలుగురం పంచుకోగా, మా వంతుకు పన్ను కలుపుకొని 16,700 రూపాయలు దాటింది. అంటే దీపానికి పాతిక రూపాయల పైమాటే. పాత పట్టీలు, చోకులు అమ్మగా వచ్చిన డబ్బుతో ఇందులో ఎక్కువ భాగం సరిపోయింది. నన్నడిగితే ఆ డబ్బును మొదటి నుంచీ ట్యూబుల ఖర్చుకే పక్కన పెట్టుకోవడం సరైన లెక్క. ఎల్.ఇ.డి. బిగించే గుత్తేదారు పాత సామాను తనకే వదిలేయమని బేరం పెడితే, ట్యూబులను కూడా పత్రంతో సహా అప్పగించే బాధ్యత ఆయన మీదే పెట్టాలి. లేకపోతే ఆయన రాగి తీసుకుని గాజు మనకు వదిలిపెడతాడు.

వెయ్యికి పైగా దీపాలున్న కళాశాలకు, ఆసుపత్రికి, మిల్లుకు ఈ సేవను నిస్సంకోచంగా సూచిస్తాను. పెట్టెల లెక్కను ఉత్తరంలో రాయించుకోవాలి, పగిలిన వాటికి మూత డబ్బాలు ముందే అడగాలి, ధ్రువపత్రం ఎవరి పేరు మీద రావాలో ఆర్డరు మీదే ఉండాలి. వంద ట్యూబులున్న చిన్న దుకాణదారుకు ఒంటరిగా ఇది అందదు, ఇరుగుపొరుగును కలుపుకోవలసిందే. ఆ శ్రమకు కాలం కూడా ఎక్కువ లేదు. 2023 నవంబరులో జెనీవాలో జరిగిన మినమాటా ఒప్పంద దేశాల సమావేశం 2027 నాటికి ట్యూబ్‌లైట్ల తయారీకి, ఎగుమతి దిగుమతులకు స్వస్తి చెప్పాలని తీర్మానించింది, మామూలు సి.ఎఫ్.ఎల్.లకు 2025నే గడువుగా అంతకు ముందే నిర్ణయమైంది. భారతదేశం 2018లో ఈ ఒప్పందాన్ని ఆమోదించింది. కొత్త ట్యూబులు ఆగిపోయిన తరువాత కూడా పాతవి కొన్నేళ్లపాటు మన గోడల మీద, మెట్ల కింద ఉంటాయి, ఒక్కసారిగా అందరూ వదిలించుకోవాలని చూసే రోజున ఈ కొద్దిపాటి బండ్లు చాలవు.

కరీమాబాద్ టెంటు హౌసులో ఇంకా రెండు వందల ట్యూబులు వాడకంలోనే ఉన్నాయి, మొన్నటి బతుకమ్మకూ వెలిగాయి. ముద్రణాలయం వారు పై అంతస్తు మారుస్తున్నారు. వచ్చే విడతకు అదే సంస్థను పిలవాలని నలుగురం అనుకున్నాము; ఈసారి నాలుగడుగుల అట్టపెట్టెలు నలభై, మూతలున్న పెయింటు డబ్బాలు ఆరు ఇప్పటికే మెట్ల కింద సిద్ధంగా పెట్టుకున్నాము.